నల్లకోటు ఏ ఊళ్లో వేసుకుంటారో ముందు తేల్చుకోండి

(ఇంటర్, డిగ్రీ చదువుతున్న పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు లా కాలేజీల ఎంపిక గురించి చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకు వినపడుతోందా? సరే.

మీలో చాలామంది ఒకే ప్రశ్న పట్టుకుని వచ్చి ఉంటారు. "ఏ లా కాలేజీ మంచిదండీ?" అని. దానికి జవాబు చెప్పాలంటే ముందు మిమ్మల్ని ఒకటి అడగాలి. ఏ ఊళ్లో పని చేయడానికి? ముంబైలోనా, ఢిల్లీలోనా, హైదరాబాదులోనా, లేకపోతే మీ గుంటూరు కోర్టులోనా? ఈ మాట ఎవరూ అడగరు. మనకు ఇంజనీరింగ్ అలవాటు. ర్యాంకు చూస్తాం, కాలేజీ చూస్తాం, బ్రాంచి చూస్తాం, ఊరి సంగతి ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చులే అనుకుంటాం. సాఫ్ట్‌వేర్ రాసేవాడికి పుణే అయినా ఒకటే, మాదాపూర్ అయినా ఒకటే. లాయరుకు అలా కుదరదు. కోర్టు ఆ ఊళ్లో ఉంటుంది. క్లయింటు ఆ ఊళ్లో ఉంటాడు. రికార్డు ఆ ఊరి భాషలో ఉంటుంది. పని నేర్పే సీనియరు ఆ ఊళ్లోనే ఉంటాడు. అందుకే కాలేజీ పేరు కూడా ఒక్కో ఊళ్లో ఒక్కో రేటు పలుకుతుంది.

"అదేంటండీ, ఎక్కడ ఎన్‌రోల్ అయినా, అంటే లాయరుగా పేరు నమోదు చేయించుకున్నా, దేశమంతా వాదించొచ్చు కదా?" అంటారు. నిజమే. 1961 అడ్వకేట్ల చట్టం సెక్షన్ 30 అదే చెబుతుంది. 2011 జూన్ 15 నుంచి అమల్లో ఉంది కూడా. హక్కు ఉంది. కేసు ఎవరిస్తారు? అది చట్టంలో లేదు.

సరే, ఒక్కో ఊరూ చూద్దాం. ముంబైతో మొదలుపెడదాం, ఎందుకంటే మీ పిల్లలు ఫోన్లో చూసే పెద్ద జీతాలన్నీ అక్కడివే. రిజర్వ్ బ్యాంకు అక్కడుంది, షేర్ మార్కెట్లను అదుపులో పెట్టే సెబీ అక్కడుంది, స్టాక్ ఎక్స్‌చేంజీలు అక్కడున్నాయి, సెబీ ఉత్తర్వుల మీద అప్పీలు వినే సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రైబ్యునల్ అక్కడే ఉంది. కాబట్టి బ్యాంకు అప్పుల దస్తావేజులు, కంపెనీల కొనుగోళ్లు, పబ్లిక్ ఇష్యూలు, ఈ పనంతా అక్కడికి చేరుతుంది. సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, ఏజెడ్‌బీ, ఖైతాన్, ట్రైలీగల్ లాంటి సంస్థలు పెద్ద జట్లు పెట్టుకునేది ముంబైలో, ఢిల్లీలో, తర్వాత బెంగళూరులో. కొత్తగా చేరినవాళ్లకు ఏడాదికి 15 లక్షలు దాటి ఇచ్చేది ఇలాంటి పై వరస సంస్థలే.

మరి వాళ్లు ఎవరిని తీసుకుంటారు? ఇక్కడ కాలేజీ పేరు పనిచేస్తుంది. నిర్మొహమాటంగా పనిచేస్తుంది. బెంగళూరు నేషనల్ లా స్కూలు, మన శామీర్‌పేటలోని నల్సార్, కోల్‌కతా ఎన్‌యూజేఎస్, ఢిల్లీ, జోధ్‌పూర్, గాంధీనగర్‌లలోని నేషనల్ లా యూనివర్సిటీలు, అంటే ఎన్‌ఎల్‌యూలు. ఇంకో రెండు మూడు కలుపుకోండి. ఆ సంస్థలు క్యాంపస్‌కు వచ్చే మొదటి రోజును పిల్లలు డే జీరో అంటారు. ఆ రోజు వాళ్లు వచ్చే కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎన్‌ఎల్‌యూలు ఇవాళ ఇరవైకి పైగా ఉన్నాయి. పేరులో "నేషనల్" అన్ని చోట్లా ఉంటుంది. డే జీరో అన్ని చోట్లా ఉండదు. ఈ తేడా దగ్గరే తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోతున్నారు. ఎక్కడో దూర రాష్ట్రంలో కొత్తగా పెట్టిన ఎన్‌ఎల్‌యూలో సీటొచ్చిందని ఇంట్లో మిఠాయి పంచుతారు. ఆ ఊళ్లో పెద్ద హైకోర్టు బెంచి ఉండదు, ఇంటర్న్‌షిప్ ఇచ్చే ఆఫీసు ఉండదు, రైలెక్కితే రెండు రోజులు. బోర్డు మీద మాత్రం "నేషనల్" అని ఉంటుంది.

ఇదే ముంబైలో ఇంకో సంగతి చూడండి. చర్చ్‌గేట్ దగ్గర గవర్నమెంట్ లా కాలేజీ ఉంది. 1855 నాటిది. అది ఎన్‌ఎల్‌యూ కాదు. ఫీజు ఎన్‌ఎల్‌యూ ఫీజుతో పోలిస్తే నామమాత్రం. ముంబై లా ఆఫీసుల్లో దాని విలువ చాలా ఎక్కువ. ఎందుకో చెప్పండి? పాఠాలు గొప్పగా చెబుతారనా? కాదు. తరగతులు పొద్దున్నే అయిపోతాయి. బాంబే హైకోర్టుకు నడిచి వెళ్లొచ్చు. పిల్లలు మధ్యాహ్నం నుంచి ఏదో ఒక ఆఫీసులో కూర్చుంటారు. సెలవుల్లో నెలరోజులు కాదండీ, ఏడాది పొడవునా. కోర్సు అయ్యేసరికి ఆఫీసు పని తెలిసి ఉంటుంది, ఆఫీసుకు వాళ్లు తెలిసి ఉంటారు. ఆ కాలేజీ బలం ఆ ఊళ్లో ఉంది. అదే పట్టా తీసుకుని హైదరాబాదు సిటీ సివిల్ కోర్టుకు రండి, ఎవరికీ పట్టదు.

ఢిల్లీ కూడా అంతే. సుప్రీంకోర్టు, ఢిల్లీ హైకోర్టు, కాంపిటీషన్ కమిషన్, కంపెనీ లా అప్పిలేట్ ట్రైబ్యునల్, విద్యుత్తుకు ఒకటి, టెలికామ్‌కు ఒకటి, అన్నీ అక్కడే. ఢిల్లీ యూనివర్సిటీ లా ఫ్యాకల్టీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఉంది. క్యాంపస్ లా సెంటర్, లా సెంటర్ 1, లా సెంటర్ 2 అని మూడు భాగాలు. ప్రవేశం సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా. డిగ్రీ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, దీన్ని రాసి పెట్టుకోండి. మనవాళ్లలో చాలామందికి దీని సంగతే తెలియదు. సుప్రీంకోర్టులో ప్రాక్టీసు చేయాలన్న కోరిక ఉన్నవాడికి దూరపు ఎన్‌ఎల్‌యూ కన్నా ఇది మేలు. ఫీజు తక్కువ. ఢిల్లీలో గది అద్దె మాత్రం తక్కువ కాదు, ఆ లెక్క వేసుకోండి.

సుప్రీంకోర్టు అన్నాను కాబట్టి ఒక మాట. అక్కడ కేసు దాఖలు చేయాలంటే అడ్వకేట్ ఆన్ రికార్డ్ అయి ఉండాలి. అందుకు ముందు 4 ఏళ్ల ప్రాక్టీసు కావాలి. తర్వాత ఒక అడ్వకేట్ ఆన్ రికార్డ్ దగ్గర ఏడాది శిక్షణ. ఆ పైన 4 పేపర్ల పరీక్ష, ఒక్కో పేపరులో కనీసం 50 శాతం, మొత్తం మీద 60 శాతం. పాసయ్యాక సుప్రీంకోర్టుకు 16 కిలోమీటర్ల లోపల ఆఫీసు ఉండాలి. అంటే ఏమిటి? హైదరాబాదులో కూర్చుని అది అయ్యే పని కాదు. ఆ దారి పట్టాలంటే చదువుకునేటప్పుడే ఢిల్లీలో రెండు మూడు ఇంటర్న్‌షిప్‌లు చేయాలి. పట్టా రాగానే అక్కడికి వెళ్లాలి. ముప్పై అయిదేళ్లొచ్చాక వెళితే మళ్లీ జూనియరుగానే మొదలుపెట్టాలి.

బెంగళూరు వేరే రకం. అక్కడ కంపెనీల లోపలి ఉద్యోగాలు ఎక్కువ. స్టార్టప్‌లు, పెద్ద విదేశీ కంపెనీల కార్యాలయాలు. కాంట్రాక్టులు రాయాలి, డేటా రక్షణ చూడాలి, ఉద్యోగుల ఒప్పందాలు చూడాలి. అక్కడ కాలేజీ పేరు తొలి ఉద్యోగానికి పనికొస్తుంది. రెండో ఉద్యోగానికి మీరేం కాంట్రాక్టులు చేశారన్నదే అడుగుతారు. అనంతపురం, హిందూపురం పిల్లలకు ఇది పక్క ఊరే. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వాళ్లు చెన్నై కూడా చూడాలి. పేటెంటు ఆఫీసు అక్కడుంది, మన రెండు రాష్ట్రాలూ దాని కిందికే వస్తాయి. హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచి అక్కడే, కంపెనీ లా అప్పిలేట్ ట్రైబ్యునల్ బెంచి అక్కడే. అయితే చెన్నై కింది కోర్టుల్లో తమిళం, బెంగళూరు కింది కోర్టుల్లో కన్నడం. చదవడం, రాయడం రెండూ రావాలి. మాట్లాడితే చాలదు.

ఇక మన ఊళ్లు

హైదరాబాదు దగ్గర కాసేపు ఆగుదాం. ఇక్కడ రెండు లోకాలున్నాయి. ఒకటి మాదాపూర్, గచ్చిబౌలి. రెండోది మూసీ ఒడ్డున హైకోర్టు, నాంపల్లి, సిటీ సివిల్ కోర్టు, రంగారెడ్డి కోర్టులు. ఈ రెండింటి మధ్య ఇరవై కిలోమీటర్ల దూరమే అనుకోకండి. ఒకదానిలో పనికొచ్చేది ఇంకోదానిలో పనికిరాదు.

మాదాపూర్ వైపు ఉద్యోగాలు అంటే బహుళజాతి కంపెనీల లీగల్ విభాగాలు, కాంట్రాక్టుల పరిశీలన, ఫార్మా కంపెనీల పేటెంటు పని, రియల్ ఎస్టేట్ కంపెనీల టైటిల్, అంటే భూమి హక్కుల, పరిశీలన. పేటెంటు పని గురించి జాగ్రత్తగా వినండి. పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయాలంటే సైన్సు, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండాలి. పేటెంట్ల చట్టం సెక్షన్ 126లో ఉంది. ఇంటర్ కాగానే బీఏ ఎల్‌ఎల్‌బీ చేసినవాడు, అది ఎంత గొప్ప ఎన్‌ఎల్‌యూ అయినా, ఆ పరీక్ష రాయలేడు. బీఫార్మసీ చేసి ఉస్మానియాలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివిన అమ్మాయి రాయగలదు. హైదరాబాదు ఫార్మా నగరం. ఇక్కడ ఆ అమ్మాయికున్న గిరాకీ ముంబైలో కూర్చున్న కార్పొరేట్ లాయరుకు లేదు. ఇది మీ ర్యాంకుల పట్టికలో ఎక్కడైనా కనపడుతుందా?

ఇప్పుడు కోర్టుల వైపు. భూమి తగాదా వచ్చిందనుకోండి. పాత భూమి రికార్డులు తీయాలి. 1954-55 ఖాస్రా పహాణీ తీయాలి, సేత్వార్ చూడాలి, తర్వాతి పహాణీలు వరసగా పేర్చాలి, రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఈసీ తీయాలి. పాత కాగితాలు కొన్ని ఉర్దూలో ఉంటాయి. ఆంధ్ర వైపు ఇలాంటి భూమి రికార్డులే అడంగల్, వన్ బీ, ఎఫ్‌ఎంబీ. ఎఫ్‌ఐఆర్ తెలుగులో ఉంటుంది, పంచనామా తెలుగులో ఉంటుంది, సాక్షి తెలుగులో చెబుతాడు. "వాడు నా మీదికి దూకుడుగా వచ్చిండు" అన్నదానికీ "కొట్టిండు" అన్నదానికీ ఇంగ్లీషులో తేడా చెడకుండా రాయగలగాలి. క్రాస్ ఎగ్జామినేషన్లో కేసు ఆ ఒక్క మాట మీద తిరుగుతుంది. అయిదేళ్లు వేరే రాష్ట్రం క్యాంపస్‌లో ఇంగ్లీషులోనే చదివి వచ్చిన పిల్లలు ఇక్కడ తడబడతారు. చట్టం తెలియక కాదు, కాగితం చదవలేక. ఆ తడబాటు ఏడాదో రెండేళ్లో ఉంటుంది. తర్వాత సర్దుకుంటుంది. కానీ ఆ రెండేళ్లలో పక్కనున్న లోకల్ కాలేజీ కుర్రాడు ముందుకు పోయి ఉంటాడు.

ఆ లోకల్ కాలేజీ కుర్రాడి సంగతేంటో చూద్దాం. ఉస్మానియా లా కాలేజీ 1899 నుంచి తన చరిత్ర చెప్పుకుంటుంది. బషీర్‌బాగ్‌లో పీజీ లా కాలేజీ ఉంది. నారాయణగూడ, హిమాయత్‌నగర్ చుట్టుపక్కల అనుబంధ కాలేజీలు ఉన్నాయి. ఆ చుట్టుపక్కల నుంచి ఆటో ఎక్కితే హైకోర్టు. నల్సార్ శామీర్‌పేటలో ఉంది, హైకోర్టుకు ముప్పై కిలోమీటర్లు దాటుతుంది. అందులో చదివే పిల్లలు రోజూ సీనియర్ లాయరు ఛాంబర్‌కు, అంటే ఆఫీసుకు, రాలేరు. వాళ్లకు ఆ అవసరం కూడా లేదు, వాళ్ల దారి ఎక్కువగా ముంబై, ఢిల్లీ వైపు. కాబట్టి నల్సార్ హైదరాబాదులో ఉంది కదా అని హైదరాబాదు ప్రాక్టీసుకు అదే దగ్గర దారి అనుకోకండి. విశాఖలో కూడా అంతే. దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ సబ్బవరంలో ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీ ఊళ్లోనే ఉంది. విశాఖ కోర్టులో ప్రాక్టీసు పెట్టాలనుకునేవాడు ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలి? ర్యాంకు ఒక మాట చెబుతుంది, ఊరు ఇంకో మాట చెబుతుంది.

కానీ ఒక్క మాట. ఊళ్లో కాలేజీలో చేరితే చాలదు. అక్కడ తప్పు ఎక్కడ జరుగుతుందో చెబుతాను. క్లాసులు సరిగా జరగని కాలేజీలో చేరి, మధ్యాహ్నం ఇంటికి వెళ్లి పడుకుంటే మీకు ఊరూ లేదు, కాలేజీ పేరూ లేదు. రెండూ పోయాయి. లోకల్ కాలేజీ విలువ మీ మధ్యాహ్నాల్లో ఉంది. రెండో ఏడాదికల్లా ఒక సీనియర్ ఆఫీసులో కూర్చోవాలి. సాయంత్రం కాజ్‌లిస్టు, అంటే రేపు విచారణకు వచ్చే కేసుల జాబితా, చూడాలి, రేపటి కట్టలు సర్దాలి, వాయిదాల డైరీ రాయాలి. గుమస్తా దగ్గర ఫైలింగ్ నేర్చుకోవాలి. నవ్వకండి. స్క్రూటినీలో, అంటే కోర్టు ఆఫీసు పరిశీలనలో, కాగితం ఎందుకు వెనక్కి వస్తుందో గుమస్తాకు తెలిసినంతగా చాలామంది లాయర్లకు తెలియదు. కోర్టు ఫీజు తక్కువ పడిందా, వకాలత్ మీద వెల్ఫేర్ స్టాంపు లేదా, కింది కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ జతచేయలేదా, ఇంగ్లీషు అనువాదం పెట్టలేదా. ఇవి ఏ కాలేజీలోనూ చెప్పరు.

ఇంటర్న్‌షిప్‌కు బార్ కౌన్సిల్, అంటే లాయర్ల వృత్తిని నియంత్రించే సంస్థ, నిబంధన కూడా ఉంది. మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు. చాలామంది సర్టిఫికెట్ తెచ్చుకుని సరిపెడతారు. ఆ సర్టిఫికెట్ ఎవరూ చూడరమ్మా. సీనియర్‌కు మీ పేరు గుర్తుందా అన్నదే చూస్తారు.

అమరావతి సంగతి. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు విడిగా హైకోర్టు ఉంది. ఇప్పుడు అది అమరావతిలోని నేలపాడులో నడుస్తోంది. అప్పట్లో సీనియర్లలో కొందరు హైదరాబాదులోనే ఉండిపోయారు, కొందరు విజయవాడ, గుంటూరుకు మారారు. అంటే అక్కడి బార్, అదే లాయర్ల సమూహం, కొత్తగా పేర్చుకున్నది. ప్రభుత్వోద్యోగుల సర్వీసు కేసులు, భూసేకరణ, రెవెన్యూ రిట్లు, పని బోలెడంత. ఆచార్య నాగార్జునలో, విజయవాడ, గుంటూరు కాలేజీల్లో చదివేవాళ్లకు ఈ హైకోర్టు గంట లోపల దూరం. ఈ మేలు కర్నూలు వాడికి లేదు, శ్రీకాకుళం వాడికి లేదు. దీన్ని వాడుకుంటున్న పిల్లలు మాత్రం తక్కువే అనిపిస్తుంది నాకు.

ఇంకో చిక్కు. రాష్ట్ర విభజన చట్టంలోని పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. కాబట్టి విజయవాడ పిల్లాడు ఉస్మానియాలో కన్వీనర్ సీటు అనుకునేముందు తెలంగాణ లా ప్రవేశ పరీక్ష లాసెట్ నోటిఫికేషన్లో స్థానికత భాగం చదవాలి. అన్నయ్య అయిదేళ్ల కింద చేరాడు కదా అని చేయకండి. అన్నయ్య నాటి నిబంధన వేరు.

అప్పు చేస్తే ఊరు మీ చేతిలో ఉండదు

ఇది తల్లిదండ్రుల కోసం. కాగితం, పెన్ను తీయండి. ఎన్‌ఎల్‌యూలో హాస్టలుతో కలిపి ఏడాదికి 3 లక్షలు అనుకుందాం. కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే. అయిదేళ్లకు 15 లక్షలు, అంతా బ్యాంకు అప్పే, వడ్డీ 10 శాతం. కోర్సు అయిన ఏడాది వరకు వాయిదా కట్టక్కర్లేదు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. మొదటి ఏడాది తీసుకున్న 3 లక్షలకు 6 ఏళ్ల వడ్డీ. రెండో ఏడాది దానికి 5 ఏళ్లు. తర్వాత 4, 3, 2. బారువడ్డీ వేసినా 6 లక్షలు అయింది. మీ 15 కాస్తా 21 లక్షలు. దాన్ని 10 ఏళ్లలో తీర్చాలంటే నెలకు 27,750 దాకా. 15 ఏళ్లకు పెట్టుకుంటే 22,500 పైచిలుకు.

ఇప్పుడు అటువైపు చూడండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో ఒక సర్క్యులర్ ఇచ్చింది. జూనియర్లకు నగరాల్లో నెలకు కనీసం 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని. అది సిఫార్సు, ఆజ్ఞ కాదు. జిల్లా కోర్టుల్లో అంత ఇచ్చే ఆఫీసులు ఎన్ని ఉన్నాయో ఇక్కడున్న లాయర్లనే అడగండి. 20,000 వచ్చిందనే అనుకున్నా, 27,750 ఎక్కడి నుంచి కడతాడు? కట్టలేడు. కాబట్టి ఆ పిల్లాడికి లిటిగేషన్, అంటే కోర్టులో కేసులు నడపడం, ఇష్టమైనా ముంబై కార్పొరేట్ ఉద్యోగానికి వెళ్లాలి. వెళ్లడం తప్పు అనడం లేదు. ఆ నిర్ణయం పద్దెనిమిదేళ్లప్పుడు అప్పు కాగితం మీద సంతకం పెట్టినప్పుడే అయిపోయిందని అంటున్నాను. లాసెట్ కన్వీనర్ సీటులో, తక్కువ ఫీజుతో చదివినవాడు మూడేళ్లు తక్కువ డబ్బుతో ఛాంబర్‌లో కూర్చోగలడు. ఇంట్లో తిండి ఉంటే చాలు. మొదటి తరం లాయర్లు కోర్టులో నిలబడ్డారా లేదా అన్నది చాలాసార్లు ఈ లెక్క దగ్గరే తేలుతుంది.

ప్లేస్‌మెంట్ కాగితాలు చదవడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక లెక్క చెబుతాను, ఇది ఉదాహరణకే. బ్యాచ్‌లో 60 మంది. ప్లేస్‌మెంట్‌కు పేరిచ్చినవాళ్లు 25 మంది. ఉద్యోగం వచ్చింది 20 మందికి. బ్రోషర్లో "80 శాతం" అని వేస్తారు. 60 మందిలో చూస్తే మూడో వంతు. ఆ 20 మందిలో అయిదుగురికి 18 లక్షలు, పదిహేనుమందికి 4 లక్షల 80 వేలు. సగటు ఎంత? 8 లక్షల 10 వేలు. ఆ జీతం ఒక్కరికైనా వచ్చిందా? రాలేదు. కాబట్టి సగటు అడగకండి, మధ్య జీతం అడగండి, అంటే జీతాలన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది. ఎంతమంది పేరిచ్చారో అడగండి. ఏ ఊళ్లో ఉద్యోగమో అడగండి. ముంబైలో 4 లక్షల 80 వేలకు అద్దె కట్టి బతకడం ఎలాగో మీరే చెప్పాలి. కాలేజీ చెప్పకపోతే నాలుగో ఏడాది, అయిదో ఏడాది పిల్లలను అడగండి. వాళ్లు దాచరు.

కాలేజీకి బార్ కౌన్సిల్ అనుమతి ఈ ఏడాదికి ఉందా లేదా చూసుకోవడం మర్చిపోకండి. అనుమతి లేని సంవత్సరం చేరినవాళ్లు ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఇబ్బంది పడతారు. దూరవిద్య ఎల్‌ఎల్‌బీ చెల్లదు. ఎవరు అమ్మినా కొనకండి.

కాలేజీ పేరు అడగని తలుపులు

కాలేజీ ఏదైనా ఒకటే అయ్యే దారులు కొన్ని ఉన్నాయి. జడ్జి పరీక్ష అలాంటిదే. కానీ 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు 3 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలి. పదేళ్ల అనుభవమున్న అడ్వకేటు సర్టిఫికెట్ ఇవ్వాలి, దాని మీద కోర్టు అధికారి ధ్రువీకరణ ఉండాలి. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉద్యోగానికి కూడా మన దగ్గర 3 ఏళ్ల ప్రాక్టీసు అడుగుతారు.

ఇందులో ఒక గొయ్యి ఉంది. కంపెనీలో జీతానికి చేరితే ప్రాక్టీసు చేయకూడదు. బార్ కౌన్సిల్ నిబంధన 49. సనదు, అంటే లాయరు లైసెన్సు, సస్పెండ్ చేయించుకోవాలి. అంటే గచ్చిబౌలిలో రెండేళ్లు, బెంగళూరులో రెండేళ్లు కంపెనీ ఉద్యోగం చేసి, "ఇక జడ్జి పరీక్ష రాస్తాను" అంటే ఆ నాలుగేళ్లు లెక్కలోకి రావు. మళ్లీ కోర్టుకు వచ్చి 3 ఏళ్లు చేయాలి. జడ్జి కావాలన్న ఆలోచన ఉన్నవాళ్లు తొలి ఉద్యోగం ఎంచుకునే రోజే దీన్ని చూసుకోవాలి.

దీనికి ఒక మంచి మినహాయింపు ఉంది. న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్ని ఆ తీర్పు ప్రాక్టీసుగానే లెక్కపెట్టమంది. సుప్రీంకోర్టు లా క్లర్కులకు పరీక్ష పెట్టి తీసుకుంటుంది. ముందు బహుళైచ్ఛిక ప్రశ్నలు, తర్వాత వ్యాసరూపం, తర్వాత ఇంటర్వ్యూ. 2025లో నెలకు 80,000 ఇచ్చారు. అక్కడ మీరు కాకతీయలో చదివారా, నల్సార్‌లో చదివారా అని అప్లికేషన్ ఆపరు. వరంగల్ నుంచి ఢిల్లీ వెళ్లడానికి ఇంతకన్నా సూటి దారి నాకు కనపడదు. బ్యాంకు లా ఆఫీసర్ పోస్టులు ఐబీపీఎస్ ద్వారా, ప్రభుత్వ రంగ సంస్థల్లో కొన్ని పోస్టులు ఎన్‌ఎల్‌యూల పీజీ ప్రవేశ పరీక్ష అయిన క్లాట్ పీజీ మార్కులతో భర్తీ అవుతాయి. ఇవీ అంతే. పోస్టింగు ఊరు మాత్రం మీరు ఎంచుకునేది కాదు.

అమెరికా ఎల్‌ఎల్‌ఎం గురించి చీటీ పంపారు. క్లుప్తంగా చెబుతాను. ఏడాది ఎల్‌ఎల్‌ఎం చేసి అక్కడ ఉద్యోగం అనుకుంటే కష్టం. అక్కడి సంస్థలు ప్రధానంగా తమ దేశపు మూడేళ్ల లా డిగ్రీ, జేడీ, చేసినవాళ్లనే తీసుకుంటాయి. అక్కడ బార్ అనుమతి కూడా రాష్ట్రం రాష్ట్రానికీ వేరు. తిరిగొచ్చి ఢిల్లీలోనో ముంబైలోనో ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి ముందు తగాదాలు తేల్చే పని, చేస్తానంటే వేరే మాట.

ఎన్‌రోల్‌మెంట్ ఖర్చు గురించి భయపడకండి. 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది, చట్టంలో ఉన్నదానికన్నా ఎక్కువ తీసుకోకూడదని. జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. ఆ తర్వాత ఆల్ ఇండియా బార్ పరీక్ష, 100 ప్రశ్నలు. జనరల్, ఓబీసీ వాళ్లకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం రావాలి. ఏ రాష్ట్రంలో ప్రాక్టీసు చేస్తారో ఆ రాష్ట్ర బార్ కౌన్సిల్లోనే ఎన్‌రోల్ అవ్వండి. తర్వాత పేరు మార్పించుకోవచ్చు గానీ, ఆ తిరుగుడు ఎందుకు?

ఇక ఆప్షన్లు పెట్టడం. చాలా ఎన్‌ఎల్‌యూలకు ప్రవేశ పరీక్ష అయిన క్లాట్ డిసెంబరులో ఉంటుంది. రెండు గంటలు, 120 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు పోతుంది. లాసెట్ కూడా 120 ప్రశ్నలే, గంటన్నర, మైనస్ మార్కులు లేవు. అది ఎండాకాలంలో జరుగుతుంది, సీట్లు ఇచ్చేసరికి ఇంకా ఆలస్యం. అంటే లాసెట్లో ఏ కాలేజీ వస్తుందో తెలియకముందే క్లాట్ సీటుకు డబ్బు కట్టాల్సి వస్తుంది. కట్టేముందు వాపసు తేదీలు రాసుకోండి. ఏ తేదీ లోపు వదులుకుంటే ఎంత కోత, ఏ తేదీ దాటితే మొత్తం పోతుంది.

క్లాట్ కౌన్సెలింగ్‌లో ఫ్రీజ్, ఫ్లోట్ అని ఉంటాయి. ఫ్రీజ్ అంటే వచ్చిన సీటు చాలని ఆగిపోవడం, ఫ్లోట్ అంటే దాన్ని పట్టుకుని పై సీటు కోసం చూడటం. ఫ్లోట్ పెడితే తర్వాతి రౌండులో మీరు పైన రాసిన కాలేజీ వస్తే కింది సీటు దానంతట అదే పోతుంది. "అయ్యో, మాకు పాతదే కావాలి" అంటే ఇవ్వరు. చాలామంది నిరుటి కటాఫ్ చూసి ఆ వరసలోనే ఆప్షన్లు ఎక్కిస్తారు. విశాఖ చాలనుకున్న పిల్లకు ఫ్లోట్‌లో ఎక్కడో ఉత్తరాదిన సీటు వచ్చి పడుతుంది. పేరు పలికే ఆరేడు కాలేజీలు పైన పెట్టండి, వాటికి ఊరితో పనిలేదు. వాటి కింద మాత్రం మీరు పని చేయాలనుకునే ఊరికి దగ్గరగా ఉన్నవే పెట్టండి. లాసెట్లో వచ్చే కాలేజీ కన్నా మీకు మేలు అనిపించని ఎన్‌ఎల్‌యూను జాబితాలో అసలు రాయకండి.

మూడో వరసలో ఆ అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంది. మైకు అటు ఇవ్వండి.